చదివి ఆడే ఆటలను జూదంతో ఒకే గాటన కట్టవద్దు

సంపాదకుల వారికి నమస్కారాలు.

పిల్లలు సెల్‌ఫోన్ ఆటలకు అలవాటుపడి చదువులు పాడుచేసుకుంటున్న తీరుపై మీ పత్రికలో వరుసగా వస్తున్న కథనాలను, వాటికి స్పందిస్తూ పాఠకులు రాస్తున్న లేఖలను శ్రద్ధగా చదువుతున్నాను. దేవరకొండ ప్రాంతంలోని ఒక బాలికల గురుకులంలో పద్దెనిమిదేళ్లుగా తెలుగు బోధిస్తున్నాను కనుక ఆ లేఖల్లోని ఆవేదన నాకు పరాయిది కాదు. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చిన పిల్లలు మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చినప్పుడు 'రాత్రి ఎంతసేపు ఆడినవు బిడ్డా' అని అడిగే మనిషినే నేను. అయినా ఆ లేఖల్లో పందెం కాసే రమ్మీని, తుపాకులతో కాల్చుకునే పోటీని, కథ చదువుకుంటూ పోయే ఆటను 'ఆట' అన్న ఒక్క మాట కింద కలిపి, అన్నిటినీ పిల్లల చేతుల్లోంచి లాగేయాలని వాదించడం చూశాక, ఈ నాలుగు మాటలు రాయక తప్పదనిపించింది.

బతుకమ్మ సెలవుల్లో మా అమ్మాయితో కలిసి నేనొక ఆట ఆడాను. దాని పేరు 'మేజికల్ డైరీ'. హనాకో గేమ్స్ అనే చిన్న సంస్థ 2011లో విడుదల చేసింది. దీన్ని విజువల్ నావెల్ అంటారు. జపాన్‌లో పుట్టి పెరిగిన ఈ పద్ధతిలో తెర మీద వెనుక ఒక దృశ్యం, దాని ముందు మాట్లాడే పాత్ర బొమ్మ, అడుగున ఒక పెట్టెలో ఆ పాత్ర పలికే మాటలు ఉంటాయి. చదివి నొక్కితే తర్వాతి మాట వస్తుంది. అక్కడక్కడా కథ ఆగి, రెండు మూడు దారులు చూపించి, నువ్వయితే ఏం చేస్తావని అడుగుతుంది. మనం ఎంచుకున్నదాన్ని బట్టి కథ మలుపు తిరుగుతుంది. భేతాళుడు కథ చెప్పి విక్రమార్కుడిని ప్రశ్న అడగడం మనకు తెలిసినదే. ఇక్కడ ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత చదివేవారి మీద పడుతుంది, చెప్పిన జవాబు ఫలితాన్ని కూడా వారే చూడవలసి వస్తుంది.

కథ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, ఐరిస్ అకాడమీ అనే మంత్రవిద్యల బడిలో జరుగుతుంది. అది హాస్టల్ బడి. కొత్తగా చేరిన ఒక అమ్మాయి మన పాత్ర. ఆమెకు పేరు మనమే పెట్టుకుంటాం. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు, నలుపు అని మంత్రవిద్యకు ఐదు రంగులున్నాయి. ఏ వారం ఏ తరగతికి వెళ్లాలో టైంటేబుల్ మనమే వేసుకోవాలి. ఎరుపు తరగతికే పదేపదే వెళితే ఒక రకం మంత్రాలు వస్తాయి, తెలుపుకు వెళితే మరో రకం. పరీక్ష రోజున విద్యార్థిని ఒక నేలమాళిగలో దించుతారు. ఆమె తాను నేర్చుకున్న మంత్రాలతో బయటపడాలి. ఎదురైన అడ్డంకిని ఇలాగే దాటాలన్న నియమం లేదు. ఏది చదివావో దాన్ని బట్టి నీ దారి నువ్వే వెతుక్కోవాలి. ప్రశ్నకు ఒకటే జవాబు, దానికి రెండు మార్కులు అన్న లెక్కలో నలిగిపోతున్న పిల్లలకు పాఠం చెప్పే నాలాంటిదానికి ఆ పరీక్ష ఎంత కొత్తగా కనిపించిందో మాటల్లో చెప్పలేను. మేము మొదటి పరీక్ష తప్పాము. కథ ఆగలేదు. తప్పిన పిల్లగానే మా పాత్ర మళ్లీ తరగతికి వెళ్లింది, స్నేహితురాళ్లు ఆమె పక్కనే కూర్చున్నారు.

హాస్టల్ గదిలో ముగ్గురు ఉంటారు. మన పాత్ర కాక, మంత్రవిద్య తెలిసిన కుటుంబం నుంచి వచ్చిన వర్జీనియా, మామూలు కుటుంబం నుంచి వచ్చిన ఎల్లెన్. వర్జీనియాకు మంత్రాలు కొత్త కాదు. ఇంట్లో అందరూ వాటి మధ్యనే పెరిగినవారు. ఎల్లెన్ అలా కాదు. ప్రతిదాన్నీ ఎందుకు, ఎలా అని అడిగి, సైన్సు లెక్కన తేల్చుకోవాలని చూస్తుంది. ఇలా మంత్రం తెలియని ఇంట్లో పుట్టి, తనలో ఆ శక్తి ఉందని ఆలస్యంగా తెలుసుకున్న పిల్లలకు ఆ బడిలో ఒక ప్రత్యేకమైన పేరే ఉంది. వారిని 'వైల్డ్‌సీడ్' అంటారు. ఎవరూ నాటకుండా తనంతట తాను మొలిచిన విత్తనం అన్నమాట.

మేము ఆడుతున్న రోజుల్లో మా అమ్మాయి స్నేహితురాలు ఒకామె మా క్వార్టర్‌కు వచ్చి రెండు రోజులు ఉంది. చందంపేట వైపు ఒక తండా పిల్ల. ఐదో తరగతిలో నా దగ్గర చేరి, ఇంటర్ దాకా గురుకులంలోనే చదివి, ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ చేస్తోంది. ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష. తెలుగు బడికి వచ్చాక నేర్చుకుంది, ఆ తర్వాత ఇంగ్లీషు. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ముగ్గురం పాత్రలు పంచుకుని మాటలు పైకి చదువుతున్నాము. ఎల్లెన్ మాటలు ఆ అమ్మాయి వంతు. వైల్డ్‌సీడ్ అన్న మాట వచ్చిన చోట ఆమె చదవడం ఆపింది. మళ్లీ ఒకసారి మనసులో చదువుకున్నట్టుంది. తర్వాత నా వైపు తిరిగి 'మేడం, ఈ పిల్ల నా లెక్కనే వచ్చింది బడికి' అన్నది. వెంటనే తన మొదటి రోజు గురించి చెప్పడం మొదలుపెట్టింది. ట్రంకు పెట్టె తాళంచెవిని మెడలో దారానికి కట్టుకుని పడుకోవడం, డైనింగ్ హాలులో ప్లేటు పట్టుకుని ఏ వరుసలో నిలబడాలో తెలియక అందరూ తినేదాకా గోడ పక్కన నిలబడి ఉండడం, 'హాజరు' పిలిచినప్పుడు తన పేరే అయినా ఆ పలుకుబడిలో గుర్తుపట్టలేక పలకకపోవడం. ఆ రోజు రిజిస్టరు నా చేతిలోనే ఉంది. ఆమె పేరు ఎదుట గైర్హాజరు గుర్తు పెట్టింది నేనే. ఎన్నో ఏళ్లు ఎదుట కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పినా నాకు తెలియని సంగతి, ఒక ఆటలోని అమ్మాయి మాట చదువుతూ ఆమె నోట బయటికి వచ్చింది.

ఈ ప్రాంతానికి ఆ కథ ఎందుకు దగ్గరో నేను విడమరచి చెప్పనక్కరలేదు. పి.వి. నరసింహారావు గారి చొరవతో 1971లో అప్పటి మన నల్లగొండ జిల్లాలోని సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఇవాళ రాష్ట్రంలో గురుకులాల సంఖ్య వెయ్యి దాటింది. పాలమూరు నుంచి, దేవరకొండ నుంచి పనులు వెతుక్కుంటూ ముంబై, పుణె పోయే తల్లిదండ్రులు పిల్లలను ధైర్యంగా వదిలి వెళ్లగలిగేది ఈ హాస్టళ్లలోనే. ఇల్లు విడిచి, కొత్త గదిలో, కొత్త భాషలో, తోటి పిల్లలే తోడుగా పెరగడం ఈ జిల్లాల్లో ఇంటింటి అనుభవం. ఆ అనుభవానికి మన భాషలో ఇటువంటి ఆట ఇప్పటిదాకా నా కంటపడలేదు. వెర్మాంట్ మంచులో నడిచే కథలో మా తండా పిల్ల తనను తాను వెతుక్కోవలసి వచ్చింది.

ఇందులో నాకు నచ్చని సంగతులు కూడా దాచకుండా చెప్పాలి. ఆ ఆటలో ప్రేమకథల దారులున్నాయి. వాటిలో ఒకటి ఒక ఉపాధ్యాయుడి వైపు వెళ్తుంది. ఉపాధ్యాయురాలిగా నాకది ఏమాత్రం మింగుడుపడలేదు. అందుకే ఈ ఆటను హైస్కూలు పిల్లల చేతికి ఇవ్వమని నేను అనను. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది కనుక ఆ విషయం మీద ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోగలిగాము. విజువల్ నావెల్స్‌లో పెద్దలకు మాత్రమే ఉద్దేశించినవి కూడా ఎన్నో ఉన్నాయి. నవలల్లో ఎన్ని రకాలున్నాయో వీటిలోనూ అన్ని రకాలున్నాయి. పిల్లలకు ఇచ్చే ముందు పెద్దలు ఒకసారి ఆడి చూడాలి, లేదా ఎవరైనా ఆడి చూసి ఇది ఏ వయసుకు తగినదో రాసిపెట్టాలి. ఆ పని తెలుగులో ఎవరూ చేయకపోవడమే నా ప్రధానమైన ఫిర్యాదు.

వ్యసనం మాటకు వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఎలా నిర్వచించిందో చూడడం మంచిది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆ సంస్థ గేమింగ్ రుగ్మతను చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే దానికే పెద్దపీట వేయడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా ఏడాది పాటైనా కొనసాగితేనే రుగ్మతగా లెక్కిస్తారు. పిల్లలను అటువైపు నెట్టే ఆటల తయారీలో కొన్ని ఎత్తుగడలు కనిపిస్తాయి. రోజూ తెరవకపోతే బహుమతి పోతుందని బెదిరించడం, స్నేహితుల కంటే వెనకబడ్డావని చూపించడం, డబ్బు కడితే ముందుకు పోనిస్తామనడం, ముగింపు అనేదే లేకుండా సాగదీయడం. నేను ఆడిన ఆటలో వీటిలో ఏదీ లేదు. ఒకసారి కంప్యూటర్‌లో పెట్టుకున్నాక ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. అపరిచితులతో మాటలు లేవు. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి భద్రపరచుకోవచ్చు, పుస్తకంలో పేజీ మడత పెట్టినట్టుగా. విద్యా సంవత్సరం ముగిస్తే కథ ముగుస్తుంది.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. మన రాష్ట్రం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బుతో ముడిపడిన ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, విద్యకు, వినోదానికి పనికివచ్చే ఆటలను ప్రోత్సహించాలని చెప్పింది. చట్టం గీసిన ఈ గీతను మన చర్చలు మాత్రం చెరిపేస్తున్నాయి.

ఇక తెలుగులో ఇటువంటివి సాధ్యమేనా అన్న ప్రశ్న. నేను ఆడిన ఆటను రెన్‌పై అనే సాధనంతో తయారుచేశారు. టామ్ రోథమెల్ అనే ప్రోగ్రామర్ 2004లో విడుదల చేసిన ఈ సాధనం పైథాన్ అనే కంప్యూటర్ భాష ఆధారంగా పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. మామూలు ల్యాప్‌టాప్ చాలు. పాత్ర పేరు రాసి, పక్కన కొటేషన్ గుర్తుల మధ్య మాట రాస్తే అది తెర మీదకు వస్తుంది. దారులు చీలే చోట 'మెనూ' అని రాసి, కింద ఒక్కో దారినీ ఒక్కో వరుసలో రాస్తారు. కథ రాయగలిగిన తెలుగు ఉపాధ్యాయురాలు, పైథాన్ కొద్దిగా తెలిసిన విద్యార్థిని పక్కపక్కన కూర్చుంటే పని మొదలైనట్టే.

మేము కూర్చున్నాము. మా అమ్మాయి మొదట రాసిన మాట 'అమ్మ పోయిందా?'. తెర మీద వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించాయి. ఆ సాధనంతో వచ్చే అక్షరాల్లో తెలుగు లేదు. తెలుగు ఫాంటు ఒకటి వెతికి పెట్టాలి. ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో 'సురవరం' అన్న పేరు కనిపించగానే నేను దాన్నే పెట్టమన్నాను. గోలకొండ పత్రికతో ఈ గడ్డ మీద తెలుగు అక్షరాన్ని నిలబెట్టిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుకున్న అక్షరాలవి. ఈసారి డబ్బాలు పోయి తెలుగు వచ్చింది. కానీ 'అమ్మ'లో మకారం కింద ఒత్తు రాలేదు. మొదటి మకారానికి పొల్లు పడి, రెండో మకారం దాని పక్కన వేరుగా నిలబడింది. ఒత్తు కింద కూర్చోవాలన్న సంగతి మా దగ్గరున్న రెన్‌పై పాత వెర్షన్‌కు తెలియదు. మా అమ్మాయి కొత్త వెర్షన్ దించుకుని మళ్లీ ప్రయత్నిస్తే రెండు మకారాలూ ఒకదాని కింద ఒకటి చక్కగా అమరాయి. ఆ ఒక్క మాటను చూస్తూ ముగ్గురం కాసేపు అలా ఉండిపోయాము. గుణింతాలూ ఒత్తులూ ఇప్పుడు సరిగ్గా వస్తున్నాయి కనుక, తెలుగు తెర మీద నిలవదన్న సాకు ఇక చెల్లదు.

కథకు కావలసిన స్థలం కోసం కూడా ఎక్కడికో పోనక్కరలేదు. మా జిల్లా అంచునే కృష్ణానది ఉంది. ఆవలి ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. సింహళ భిక్షువుల కోసం కట్టించిన విహారంతో సహా ఎన్నో విహారాలు అక్కడ వెలిశాయి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునగకముందే 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో కొన్నిటిని నాగార్జునకొండ మీదికి చేర్చారు. ఆచార్య నాగార్జునుడు అక్కడ ఉండేవాడని, సిద్ధ నాగార్జునుడికి లోహాన్ని బంగారం చేసే రసవాదం తెలుసని తరతరాలుగా జనం చెప్పుకుంటున్నారు. దూరదేశాల వారు వచ్చి ఉన్న లోయ, పక్కనే నల్లమల మూలికలు, రసవాదం తెలిసిన గురువు. మంత్రవిద్యల బడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ బడికి పడవ దిగి వచ్చే మొదటి పిల్ల చందంపేట తండా నుంచి రావాలని మా అమ్మాయి స్నేహితురాలు అప్పుడే తేల్చేసింది.

సెలవుల తర్వాత, కంప్యూటర్ లేకుండానే ఈ పద్ధతిని ఎనిమిదో తరగతిలో పరీక్షించి చూశాను. నల్లబల్ల మీద ఒక సన్నివేశం రాశాను. హాస్టల్‌లో మొదటి రాత్రి, కొత్తగా చేరిన పిల్ల దుప్పటి ముసుగులో ఏడుస్తోంది. పక్క మంచం నీది. నువ్వేం చేస్తావు? కింద మూడు దారులు రాశాను. లేపి మాట్లాడడం, వార్డెన్ మేడంకు చెప్పడం, ఇంటి నుంచి తెచ్చుకున్న సకినాలు రెండు ఆమె దిండు పక్కన పెట్టడం. తరగతి మూడు ముక్కలయింది. వార్డెన్‌కు చెబితే ఆ పిల్లకు నామోషీ అని కొందరు, చెప్పకపోతే జ్వరమేమైనా ఉంటే ఎట్లా అని మరికొందరు వాదించారు. మామూలుగా ఒక్క వాక్యం చెప్పించడానికి నేను నాలుగు సార్లు లేపవలసిన పిల్లలు ఆ రోజు ఒకరి మాటకు ఒకరు అడ్డం వచ్చి మరీ మాట్లాడారు. వెనుక బెంచీలో కూర్చునే, ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప చివరికి లేచి 'మేడం, ఇంకో దారి రాయుండ్రి' అన్నది. ఏమిటని అడిగితే 'ఏమీ అనకుండ నా మంచం ఆమె మంచానికి దగ్గరికి జరుపుకుంట' అన్నది. నేను ఆ నాలుగో దారిని బల్ల మీద రాశాను. మళ్లీ చేతులెత్తమంటే చాలామంది దానికే ఎత్తారు. తర్వాతి వారం ఒక్కొక్కరు తమ దారి వెంట ఏం జరిగిందో రాసుకొచ్చారు. అన్నేళ్ల ఉద్యోగంలో నేను దిద్దిన వ్యాసాల్లో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే ఆ కాగితాల్లో ఉన్నంత బతికిన తెలుగుతో ఉన్నాయి.

ఇంత చెప్పాక నేను కోరేది పెద్ద సంగతేమీ కాదు. గురుకులాల్లో ఉన్న కంప్యూటర్ ల్యాబులను వారానికి ఒక పీరియడ్ తెలుగు ఉపాధ్యాయులకు కూడా తెరిచి ఉంచాలని సొసైటీల అధికారులను కోరుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు తమ ఊరిని, తమ హాస్టల్‌ను తీసుకుని చిన్న చిన్న చదివే ఆటలు తయారుచేస్తే, పక్క బడి పిల్లలు ఆడి చూస్తారు. రెన్‌పైలో తెర మీది మాటలను కంప్యూటరే పైకి చదివి వినిపించే సదుపాయం కూడా ఉంది. చూపు లేని పిల్లలు కూడా కథలో పాలుపంచుకునే వీలుంది కనుక, తెలుగు గొంతుతో అది ఎంత బాగా పనిచేస్తుందో తెలిసినవారు ముందుకు వచ్చి చూడాలి. ఇటువంటి విజువల్ నావెల్స్‌లో పిల్లలకు హానిచేయనివి ఏవో ఎంపిక చేసి, అనుమతి తీసుకుని తెలుగులోకి తేవడానికి అనువాదకులు ముందుకు రావాలి. నిషేధించవలసిన ఆటలను నిషేధించమని గట్టిగా రాస్తున్న మీరే, పిల్లలకు ఇవ్వదగిన ఆటలేవో కూడా రాయాలి. ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీకి నెలకొకసారి అరపేజీ కేటాయించి, ఒక చదివే ఆటను పరిచయం చేయండి. అది ఏ వయసుకు తగినది, ఎంతసేపు పడుతుంది, డబ్బు అడుగుతుందా, ఏ సన్నివేశంలో పెద్దలు పక్కన ఉండాలి అన్నవి తప్పక ఉండాలి. మొదటి రెండు నెలలకు నేను, మా అమ్మాయి ఆడి చూసి రాసి పంపుతాము. మా ఎనిమిదో తరగతి వారు రాసిన దారుల్లో ఆ నాలుగోదాన్ని కూడా దానితో జతచేస్తాను. ఆ పాప అనుమతి ఇచ్చింది.

నమస్కారాలతో,
ఒక గురుకుల తెలుగు ఉపాధ్యాయురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా